పేరు రాయని ఫోటో

ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాయలేదు. ఆ రోజు పేజీలో "చలి ఎక్కువగా ఉంది, ఫోటోలు బాగా వచ్చాయి" అని మాత్రమే ఉంది. ఆ ఫోటోలో ఆయన స్టీరింగ్ మీద తల వాల్చింది తనంతట తాను కాదు. నేను వాల్చమన్నాను.

ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, పోయిన వారం, అమెరికాలో నేను చదివిన కాలేజీ నుంచి ఒక ఈమెయిల్ వచ్చింది. ఆరేళ్ళ కిందట, ఉద్యోగాలు పోతున్న రోజుల్లో విద్యార్థులు తీసిన ఫోటోలు కొన్ని ఏరి, ఎగ్జిబిషన్‌గా కూర్చి వేరే దేశాలకు పంపుతున్నారట. మొదట హైదరాబాద్‌కి. అక్కడ ఫోటోగ్రఫీ నేర్చుకునే పిల్లలు, సామాన్యుల కష్టాన్ని కెమెరాతో నమోదు చేసే అమెరికన్ పద్ధతి ఎలాంటిదో వీటిని చూసి తెలుసుకుంటారట. అందులో నా ఫోటో ఒకటి. అనుమతి ఇస్తున్నట్టు సంతకం చేసి పంపమని ఒక ఫారం జతచేశారు. ఒంగోలు పిల్లని పట్టుకుని అమెరికన్ పద్ధతి అంటున్నారని ముందు నవ్వొచ్చింది. అంతలోనే ఆ నవ్వు పోయింది. నేనూ అలా దూరం నుంచి చూసి నేర్చుకున్నదాన్నే.

మా మేనమామకు ఒంగోల్లో చిన్న స్టూడియో ఉండేది. పొద్దున పూట పాస్‌పోర్ట్ ఫోటోలు, ముహూర్తాల్లో పెళ్ళిళ్ళు, మిగిలిన టైములో ఒక దినపత్రికకు ఫోటోగ్రాఫర్. ఆయనకు గురువంటూ ఎవరూ లేరు. ఉన్నదల్లా ఒక పుస్తకం. ఎప్పుడో కోఠీలో పేవ్‌మెంట్ మీద కొన్నది. అట్ట లేదు, మొదటి పేజీలు లేవు. అందుకని దాని పేరేమిటో, అచ్చు వేసిందెవరో ఆయనకు చివరిదాకా తెలియనే లేదు. లోపలన్నీ ముప్ఫైల నాటి అమెరికా ఫోటోలు. దుమ్ము తుఫాన్లకు పొలాలు పోయి, పరుపులూ కుర్చీలూ పాత కారు నెత్తిన కట్టుకుని పడమటికి పోయే సంసారాలు, పత్తి ఏరే చేతులు, రొట్టె కోసం వరసలో నిలబడ్డ టోపీల మనుషులు. ఆ రోజుల్లో అక్కడి ప్రభుత్వమే ఫోటోగ్రాఫర్లకు జీతాలిచ్చి, దేశంలో ఉన్న పేదరికాన్ని దేశానికే చూపించండని ఊళ్ళ మీదకు పంపిందట. మావయ్యకు అది నమ్మలేనంత వింత. "మన దగ్గరైతే ఫిల్మ్ లాక్కుని పంపిస్తారే," అనేవాడు.

ఆ పుస్తకం చూసి చూసి ఆయన కూడా అలాగే తీయడం మొదలుపెట్టాడు. చీమకుర్తి రాతి క్వారీల్లో, కొండపి దారిలో పొగాకు కాల్చే బ్యారన్ల దగ్గర నేల మీద మోకాళ్ళేసి కూర్చుని, మనిషి వెనక ఆకాశం తప్ప ఇంకేమీ లేకుండా తీసేవాడు. పత్రికలో రిపోర్టర్లు ఆయన ప్యాంటు చూసి ఇవాళ పొగాకా, రాయా అని మట్టి రంగుని బట్టి చెప్పేవాళ్ళట. పుస్తకంలో ఫోటోల కింద పేర్లుండవు. ఏ ఊరు, ఏం పని, ఏ నెల, అంతే. మావయ్యా అలాగే రాసేవాడు. "పేరు రాస్తే అది ఆ ఒక్కరి కష్టం అవుతుంది. రాయకపోతే అందరిదీ అవుతుంది," అని నాకు పదమూడేళ్ళప్పుడు చెప్పాడు. నోట్ చేసుకున్నాను. ఒకసారి క్వారీలో రాళ్ళు మోసే ఆవిడ ఫోటో పేపర్లో పడితే, ఆ వారమే ఆవిడ తలకు నూనె రాసుకుని, కనకాంబరాలు పెట్టుకుని స్టూడియోకి వచ్చింది. గోడ మీద తాజ్‌మహల్ బొమ్మ ముందు నిలబడి, "ఆ కాయితంలోది నేను కాదు సారూ, ఇప్పుడు తియ్యి," అందట. మావయ్య దీన్ని నవ్వుతూ చెప్పేవాడు. నేనూ నవ్వేదాన్ని. ఆవిడ మాకేదో చెబుతోందని ఇద్దరికీ తట్టలేదు.

అమెరికా వచ్చేటప్పుడు మావయ్య తన పాత ఫిల్మ్ కెమెరా నాకిచ్చాడు. నేను చదవడానికి వచ్చింది లైబ్రరీ సైన్సు. నలుగురిలో నోరు విప్పలేని మనిషికి అంతకంటే తగిన చదువు లేదని ఇంట్లో వాళ్ళ అభిప్రాయం. న్యూజెర్సీలో, ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్లలో ఒక ఇంటి హాల్లో, కర్టెన్ కట్టిన మూల నాకు దొరికింది. ఇల్లు మా కజిన్ స్నేహితురాలిది. నేను అక్కా అనేదాన్ని, వాళ్ళాయన్ని బావగారూ అనేదాన్ని. బావగారిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆయన భార్యగా వచ్చిన వీసా మీద అక్కకు పనిచేసే వీలు లేదు. అందుకని ఉన్న ఓపికంతా ఇంట్లోనే ఖర్చుపెట్టేది. కిటికీలో కొత్తిమీర పెంచేది, నాకు జడ వేసేది, డైరీ రాస్తుంటే కర్టెన్ అవతల నుంచి "మా గురించి మంచిగా రాయవే," అని అరిచేది. పాత మంగళగిరి చీర కొంగు కత్తిరించి, లోపల దూది పెట్టి కుట్టి, బావగారి లంచ్ బాక్స్‌కి సంచీ తయారుచేసింది. ఆకుపచ్చ మీద జరీ అంచు, పెద్ద చెక్క బొత్తం. ఆఫీస్‌లో అందరూ అడుగుతారని బావగారు మొదట మొహమాటపడ్డారు, తర్వాత అదే పట్టుకెళ్ళేవారు. ఆ చలికాలానికి అక్కకు ఐదో నెల. అంతకుముందు ఒకసారి కడుపు పోయింది. ఈసారి బీపీ ఉందని, జాగ్రత్తగా ఉండమని డాక్టర్ చెప్పింది.

బుధవారాలు నాకు క్లాసుల్లేవు, లైబ్రరీకి నడిచి వెళ్ళేదాన్ని. ఫిబ్రవరిలో ఒక బుధవారం, లైబ్రరీ వెనక పార్కింగ్‌లో, మంచు ఎత్తి పోసిన గుట్ట పక్కన మా కారు కనిపించింది. లోపల బావగారు. టై కట్టుకుని, కోటు మీద దుప్పటి కప్పుకుని, లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని ఉన్నారు. నేను గిరుక్కున తిరిగి వెళ్ళిపోదామనుకున్నాను. అంతలో ఆయన చూసి అద్దం దించారు.

"ఏమ్మా, క్లాస్ లేదా?"

"బుధవారం లేదు బావగారూ. మరి మీకు ఆఫీస్..."

"నాకూ బుధవారం లేదు. గురువారం కూడా లేదు," అని నవ్వబోయారు. తర్వాత లోపల కూర్చోమన్నారు. కారులో బయటికంటే పెద్ద వెచ్చగా ఏమీ లేదు. పెట్రోల్ అయిపోతుందని ఇంజిన్ ఆపేసుకున్నారు. "జనవరిలో లేఆఫ్ చేశారు. మొత్తం టీమ్‌ని. ఇంటర్వ్యూలు అవుతున్నాయి, ఒక్కటి తగిలితే చాలు, వీసా ట్రాన్స్‌ఫర్ చేసేస్తారు."

లైబ్రరీ లోపల కూర్చోవచ్చు కదా అంటే, పదకొండింటి దాకా అక్కడ మన తాతగార్లు పేపర్లు చదువుతుంటారని, ఒక్కళ్ళు చూసినా సాయంత్రానికి నాలుగు బ్లాకుల్లో తెలిసిపోతుందని చెప్పారు. వాళ్ళు భోజనానికి వెళ్ళాక లోపలికి వెళ్ళి చేతులు వెచ్చబెట్టుకుని వస్తారట.

"అక్కకి చెప్పకమ్మా. పోయినసారి ఏమైందో నీకు తెలుసుగా. నేనే చెప్తాను, చేతిలో ఒక ఆఫర్ పడనీ. నా నోటితో నేను చెప్పాలి."

"చెప్పను బావగారూ," అన్నాను. చెప్పలేదు కూడా. ఇచ్చిన మాట నేను నిలబెట్టుకున్నది అంతవరకే.

ఆ సెమిస్టర్‌లో నేను ఒక ఫోటోగ్రఫీ క్లాసు తీసుకున్నాను. డిగ్రీకి పనికిరాదు, మావయ్య కెమెరాకి పనికొస్తుందని చేరాను. మొదటి రోజే మా ప్రొఫెసర్, డెబ్బై ఏళ్ళ తెల్ల జుట్టు ఆవిడ, తెర మీద వేసిన ఫోటోలు చూసి కుర్చీలో ముందుకు జరిగాను. అవి మావయ్య పుస్తకంలోవి! ఒంగోలు స్టూడియోలో ఫిల్మ్ కడిగే హైపో వాసన మధ్య చూసిన మొహాలన్నీ అక్కడ గోడంత ఎత్తున నిలబడ్డాయి. కొన్నిటిలో మాత్రం మనిషి మొహం మీదో, ఆకాశంలోనో నల్లటి గుండ్రటి మచ్చ ఉంది. ఆ ఫోటోగ్రాఫర్ల మీద ఉన్న అధికారి తనకు నచ్చని నెగెటివ్‌కి పంచింగ్ మెషీన్‌తో కన్నం పొడిచేవాడట, ఇంకెవరూ ప్రింట్ వేయకుండా. మరీ మామూలుగా ఉన్నవి, నవ్వుతున్నవి చాలావరకు అలా పోయాయేమో అనిపించింది. మేము తీయాల్సినది మా చుట్టూ ఉన్న మాంద్యం. అమెరికన్ పిల్లలు మూతపడ్డ షాపులు, బోర్డులు పెట్టిన ఇళ్ళు తీశారు. నాకు తెలిసిన మాంద్యం ఒక కారులో ఉంది.

అడగడానికి రెండు వారాలు పట్టింది. బావగారు కాదనలేదు. పొద్దుటి నుంచి మనిషి మాట లేని ఆయనకు ఏదో ఒక పని దొరికినట్టయింది కూడా. "మొహం పడకూడదు. నీ క్లాసు కోసమే కదా?" అన్నారు. అవునన్నాను. అప్పుడు ఆయన అన్నం తింటున్నారు. పొద్దున పొగలు కక్కుతుండగా అక్క సర్దిన పప్పన్నం, మీద నెయ్యి తెల్లగా గడ్డకట్టి ఉంది. దాన్ని స్పూన్‌తో చిదుపుకుంటూ తింటున్నారు. ఫోటో అనగానే బాక్స్ మూసి, జుట్టు సర్దుకుని, తలుపు అద్దం వైపు తిరిగి చిన్నగా నవ్వారు. ఆ నవ్వుతో మూడు తీశాను. తీస్తున్నప్పుడే తెలుసు, అవి పుస్తకంలో ఫోటోల్లా లేవు. ఉద్యోగం పోయిన మనిషిలా లేరు, మా బావగారిలా ఉన్నారు.

"బావగారూ, ఒక్కసారి స్టీరింగ్ మీద తల పెడతారా?"

"నిద్రపోతున్నట్టా?"

"కాదు. అలిసిపోయినట్టు."

పెట్టారు. నుదురు తగిలి హారన్ గట్టిగా మోగింది. దారిన పోతున్న తాతగారొకాయన మంకీ క్యాప్ పైకెత్తి చూశాడు. ఇద్దరం ఉలిక్కిపడి నవ్వుకున్నాం. ఈసారి ఆయన జాగ్రత్తగా, అంచు మీద నుదురు ఆనించి, చేతులు రెండూ అటూ ఇటూ పెట్టి, "ఇలాగేనా?" అన్నారు. ముందుకు వెళ్ళి, మోకాళ్ళేసి తీశాను. "అయిపోయింది బావగారూ," అన్నాను. ఆయన తల ఎత్తలేదు. వీపు కోటు కింద కదులుతోంది. అద్దం మీద ఆవిరి పట్టి, మళ్ళీ విడిపోతోంది. అప్పుడు నేను దగ్గరికి వెళ్ళి ఒక మాట అనాల్సింది. ఫిల్మ్ తిప్పి ఇంకొకటి తీశాను. అందరూ మెచ్చుకున్నది ఆ రెండోదే.

నవ్విన మూడు నెగెటివ్‌లకూ నేను కన్నాలు పొడవలేదు గానీ, ప్రింట్ మాత్రం వేయలేదు. మావయ్య పోయాక ఆయన కొడుకు పాత నెగెటివ్‌లు స్కాన్ చేసి పంపితే, క్వారీ ఆవిడవి వరసగా మూడు కనిపించాయి. మొదటి దాంట్లో ఆవిడ పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతోంది. రెండో దాంట్లో ఎవరో ఏదో చెబుతుంటే వింటోంది. పేపర్లో పడిన మూడో దాంట్లో చెయ్యి చెంపకు ఆనించి దూరంగా చూస్తోంది. ఆ చెయ్యి ఆవిడది కాదు, పుస్తకంలో ఒక తల్లి చెంపకు ఆనించిన చెయ్యి. సముద్రాలు దాటి వచ్చి అక్కడ ఆనింది. ఆ పుస్తకంలోకి మాత్రం ఎక్కడి నుంచి వచ్చిందో! ఆ ఫారం మీద నేనింకా సంతకం చేయలేదు. హైదరాబాద్ పిల్లలు ఫోటోతో పాటు నేనిప్పుడు రాస్తున్న ఈ కాగితాలు కూడా గోడకు పెడితే చేస్తాను.

ఫోటో కింద నేను రాసింది: "నిరుద్యోగి, న్యూజెర్సీ, మార్చి." పేరు రాయనందుకు నా మీద నాకే గౌరవం కలిగింది. మొహం లేదు, పేరు లేదు, ఇంకేం ప్రమాదం అనుకున్నాను. ఆయన ఒప్పుకున్నారా అని ప్రొఫెసర్ అడిగితే తల ఊపాను. కాలేజీ కారిడార్‌లో గోడకు పెట్టారు. బావగారికి ఆ విషయం చెప్పలేదు. క్లాసు, గోడ ఒకటే కదా అని సరిపెట్టుకున్నాను. అక్కకు చెప్పే ప్రశ్నే లేదు. కానీ ఎగ్జిబిషన్ కాగితం నా బ్యాగులోంచి జారి ఆవిడ చేతికి దొరికింది. నాకు సర్‌ప్రైజ్ ఇద్దామని, అల్యూమినియం ట్రే నిండా పులిహోర కలిపి, కింద ఇంటి కరీంనగర్ ఆంటీ కారెక్కి ఆ శుక్రవారం సాయంత్రం వచ్చేసింది. ఆరో నెల పొట్ట మీద స్వెట్టర్ బొత్తాలు పట్టక ఒక చేత్తో పట్టుకుని, కారిడార్ అంతా వినబడేలా "ఏదే నీది?" అంటూ.

నేను చూపించలేదు. నా పేరు వెతుక్కుంటూ తనే వెళ్ళి దాని ముందు నిలబడింది. స్టీరింగ్ మీద మనిషి తల. వెనక అద్దంలోంచి లైబ్రరీ పుస్తకాలు వేసే డబ్బా. డ్యాష్‌బోర్డ్ మీద సంచీ, జరీ అంచు, పెద్ద చెక్క బొత్తం. నలుపు తెలుపు ఫోటో కాబట్టి ఆకుపచ్చ రంగు లేదు గానీ, మిగతా అంతా ఉంది.

"గీ కారు మీ కారు లెక్కనే ఉన్నది గద బిడ్డా?" అంది ఆంటీ. దగ్గరికి వంగి, "గా సంచి సుత మీ ఇంట్ల చూసిన లెక్కనే..."

"ఈ కార్లు మనవాళ్ళందరికీ ఉన్నాయిగా ఆంటీ. అలాంటి సంచీలు ఎవరింట్లో ఉండవు!" అంది అక్క. గొంతు మామూలుగానే ఉంది. ఫోన్ తీసి నన్ను ఫోటో పక్కన నిలబెట్టింది. "కొంచెం నవ్వవే, మీ అమ్మకి పంపాలి." పులిహోర మా క్లాసు వాళ్ళందరికీ పేపరు ప్లేట్లలో పెట్టింది. ప్రొఫెసర్ రెండోసారి వేయించుకుంది.

ఆ రాత్రి ఏదో జరుగుతుందనుకున్నాను. ఏమీ జరగలేదు. సోమవారం పొద్దున అన్నం వండింది, బాక్స్ సర్దింది, సంచీ బొత్తం పెట్టి ఇచ్చింది. మారింది ఒక్కటే. అంతకుముందు ఎప్పుడూ ఆఫీస్ కబుర్లు అడగని మనిషి, రోజూ సాయంత్రం బావగారికి టీ ఇస్తూ ఎదురుగా కూర్చుని "ఏంటి ఆఫీస్ సంగతులు?" అని అడగడం మొదలుపెట్టింది. ఆయన నోటితో ఆయన చెప్పడానికి రోజూ ఒక అవకాశం ఇస్తోందని కర్టెన్ వెనక ఉన్న నాకు తెలుస్తోంది. ఆయనకు తెలియదు. ఆయన పాపం, ఆవిడ సంతోషంగా ఉండాలని కథలు చెప్పేవారు. మేనేజర్ పుట్టినరోజని కేక్ కోశారని, గుడ్డు వేసిన కేక్ అని తను తినలేదని. "అయ్యో, ఒక ముక్క తినాల్సింది," అనేది అక్క. పుస్తకాల్లో ఇలాంటి చోట ఎవరో ఒకరు లేచి నిజం చెప్పేస్తారు. నేను దుప్పటి ముసుగేసుకునేదాన్ని.

తర్వాతి వారం బుధవారం నాడు నేను బయల్దేరుతుంటే అక్క వంటింట్లోంచి వచ్చి సంచీ నా చేతిలో పెట్టింది. "మీ బావగారు బాక్స్ మర్చిపోయారు. లైబ్రరీకేగా వెళ్తున్నావు, ఇచ్చేసి రా," అని, నా మొహం చూడకుండా పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

నా చేతిలో సంచీ చూసి బావగారు అద్దం దించడం కూడా మర్చిపోయారు. తలుపు తీసి బయటకొచ్చి నిలబడ్డారు.

"మర్చిపోలేదమ్మా. ఇవాళ ఆవిడే ఇవ్వలేదు. లేటవుతోంది వెళ్ళమంది," అని ఆగి, "నువ్వు చెప్పావా?" అన్నారు.

"లేదు బావగారూ. ఫోటో గోడకి పెట్టారు. అక్క వచ్చి చూసింది."

"ఎప్పుడు?"

"పోయిన వారం ముందు శుక్రవారం."

ఆయన వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకున్నారు. "కేక్ సంగతి ఎప్పుడు చెప్పాను నేను?"

"సోమవారం. చూశాక."

"వింటూ కూర్చుంది," అన్నారు, తనలో తాను. "ఒక ముక్క తినాల్సింది అంది కదా." నన్ను ఒక్క మాట అనలేదు. కారు ఎక్కి, జనవరి తర్వాత మొదటిసారి పట్టపగలు ఇంటికి వెళ్ళారు.

నేను లైబ్రరీ మూసేదాకా అక్కడే ఒక పుస్తకం తెరిచి కూర్చున్నాను. అదేం పుస్తకమో డైరీలో రాసి ఉంది గానీ, ఒక్క అక్షరమూ గుర్తులేదు. ఇంటికి వచ్చేసరికి వాళ్ళ గది తలుపు వేసి ఉంది. లోపల ఏడుపు లేదు, అరుపుల్లేవు, మాటలు కూడా లేవు. తగవు పడే దశ దాటిపోయింది. పోయిన ఉద్యోగం వాళ్ళిద్దరి మధ్య సమస్యే కాలేదు. తన మొగుడి కష్టాన్ని తనకంటే ముందు ఊరూ పేరూ తెలియని వాళ్ళు పేపరు ప్లేట్లు పట్టుకుని చూశారన్నది అక్కకు మింగుడుపడలేదు. చెప్పాల్సిన ఆ ఒక్క మాట చెప్పే వీలు మిగలకుండా పోయిందన్నది బావగారికి. ఆ తర్వాత ఆయన ఎక్కడికీ వెళ్ళలేదు. హాల్లో కూర్చుని ఇంటర్వ్యూ కాల్స్ చేసుకునేవారు. ఏదీ తగల్లేదు. ఏడో నెల దాటితే విమానం ఎక్కనివ్వరని, ఏప్రిల్‌లో తిరిగి వెళ్ళిపోవడానికి టికెట్లు తీసుకున్నారు. సోఫా, మంచం, రైస్ కుక్కర్ ఎవరెవరో వచ్చి పట్టుకుపోయారు. కొత్తిమీర కుండీ మాత్రం ఎవరూ అడగలేదు.

వెళ్ళే రోజు వాన పడుతోంది. సూట్‌కేసులు వ్యాన్‌లోకి ఎక్కించి బావగారు ముందు సీట్లో కూర్చున్నారు. నేను అక్క పక్కన గొడుగు పట్టుకుని నిలబడ్డాను. వారం రోజులుగా డైరీలో రాసి కొట్టేసి, రాసి కొట్టేసి తయారుచేసుకున్న క్షమాపణ ఒకటి ఉంది. అందులో ఒక్క వాక్యం బయటికొచ్చింది. "అక్కా, చెప్పనని ఆయనకి మాటిచ్చాను." అక్క నా జడ ముందుకు లాగి, ఊడిన రబ్బర్ బ్యాండ్ బిగించింది. డ్రైవర్ టైమైందన్నాడు. పొట్ట కింద చెయ్యి ఆనించుకుని, మెల్లగా మెట్టెక్కి కూర్చుని, తలుపు లాక్కునే ముందు నా వైపు తిరిగింది.

"ఒక్క ముక్క నా చెవిన వేసి ఉంటే, ఆ రెండు నెలలూ మనిషి ఇంట్లో కూర్చుని వేడన్నం తినేవారు కదే."